పెళ్లికి ముందు రాయవలసిన కాగితం ఏది?

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 33 ఏళ్లు, మాది మధురవాడ. మూడేళ్ల క్రితం నా భర్త గుండెపోటుతో చనిపోయారు. మాకు ఎనిమిదేళ్ల పాప ఉంది. ఆయన పేరున కొన్న ఫ్లాట్‌లోనే ఉంటున్నాం, దాని మీద బ్యాంకు అప్పు బీమాతో తీరిపోయింది. నేను ప్రైవేటు కళాశాలలో ఉద్యోగం చేస్తున్నాను. నాకు 24 తులాల బంగారం, 16 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. గాజువాకలో ఉంటూ పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్న ఒకరితో నాకు సంబంధం కుదిరింది. ఆయనకు 40 ఏళ్లు, మొదటి భార్యతో పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి, పిల్లలు లేరు. మాఘమాసంలో సింహాచలంలో పెళ్లి అనుకున్నాం. అమెరికాలో ఉన్న ఆయన స్నేహితుడొకరు పన్నెండు పేజీల ప్రీనప్ (పెళ్లికి ముందు రాసుకునే ఒప్పందం) నమూనా పంపించారు. విడిపోతే ఇద్దరిలో ఎవరూ మనోవర్తి అడగకూడదని, ముప్పై రోజుల్లో నేను ఆయన ఇల్లు ఖాళీ చేయాలని అందులో ఉంది. నా ఫ్లాట్, బంగారం, డబ్బు పాపకే చెందాలనే షరతును నేను చేర్పించాలనుకుంటున్నాను. ఆయన తల్లిగారు మాత్రం "పెళ్లి కాకముందే విడిపోయే లెక్కలేమిటమ్మా" అని నొచ్చుకున్నారు. శ్రీకాకుళంలో ఉన్న మా అత్తగారి తరఫువాళ్లేమో మళ్లీ పెళ్లి చేసుకుంటే ఫ్లాట్ మీద హక్కు పోతుందంటున్నారు. ఈ ఒప్పందం చెల్లుతుందా? ఎక్కడ రిజిస్టర్ చేయించాలి?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నదే. ఆ పన్నెండు పేజీలలో ఎక్కువ భాగం మన కోర్టులలో నిలవదు, నిలిచే కొద్ది భాగమూ రాయకపోయినా చట్టం ప్రకారం మీకు ఉన్నదే. అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు, మీరు అడిగిన ప్రశ్న ఒకటి, మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న మరొకటి అని నాకు అనిపించింది. విడాకులైతే ఏమవుతుందోనన్న బెంగ మీ ఉత్తరంలో కనబడలేదు. మీకు ఏమైనా అయితే పాప గతి ఏమిటన్న బెంగ ప్రతి వాక్యంలోనూ ఉంది. దానికి ప్రీనప్ మందు కాదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

అమెరికాలో ఈ ఒప్పందాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే సగం సందేహం తీరుతుంది. అక్కడ పెళ్లి తరువాత సంపాదించుకున్న ఆస్తి చాలావరకు భార్యాభర్తల ఉమ్మడి లెక్కలోకి వస్తుంది, విడిపోయేటప్పుడు కోర్టు దానిని పంచుతుంది. అలా పంచకుండా తప్పించుకోవడానికో, ఎలా పంచాలో ముందే తేల్చుకోవడానికో ఒప్పందం రాసుకుంటారు. 1983లో అక్కడ ఒక నమూనా చట్టం రూపొందింది, చాలా రాష్ట్రాలు దానిని కొద్ది మార్పులతో అమలులోకి తెచ్చుకున్నాయి. కాలిఫోర్నియాలో అయితే తుది ప్రతి చేతికి వచ్చాక ఏడు రోజులు గడిచేదాకా సంతకం చేయకూడదు. ఇంగ్లండులో 2010లో అత్యున్నత న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చేదాకా ఇటువంటి ఒప్పందాలకు పెద్ద విలువ ఉండేది కాదు, ఇప్పటికీ న్యాయంగా లేకపోతే కోర్టు పక్కన పెట్టగలదు. మన దేశంలో గోవాలో పోర్చుగీసు కాలపు 1867 నాటి సివిల్ కోడ్ ఉన్నందువల్ల, పెళ్లితో ఆస్తి ఉమ్మడి అయ్యే పద్ధతీ, పెళ్లికి ముందే వేరే ఏర్పాటు రాసుకునే వీలూ రెండూ ఉన్నాయి.

విశాఖపట్నంలో ఆ పద్ధతి లేదు. హిందూ వివాహ చట్టం కింద మూడు ముళ్లు పడినంత మాత్రాన మీ బంగారం ఆయనదీ కాదు, ఆయన గాజువాక ఇల్లు మీదీ కాదు. మీరు జీవించి ఉండగా మీ ఆస్తిలో భర్తకు వాటా అంటూ ఏదీ లేదు. విడాకుల సమయంలో ఆ చట్టంలోని సెక్షన్ 27 ప్రకారం కోర్టు తేల్చేది, పెళ్లి సందర్భంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల సంగతి మాత్రమే. కాబట్టి "ఎవరి ఆస్తి వారిదే" అని నాలుగు పేజీలు రాసుకోవడం లేని జబ్బుకు మందు మింగడం లాంటిది.

ఇక మీకు ఇబ్బంది కలిగించే షరతుల విషయం. ప్రజా నీతికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 చెబుతోంది, మనోవర్తి వదులుకుంటున్నానన్న షరతును కోర్టులు ఆ కోవలోనే చూస్తూ వచ్చాయి. నిరాదరణకు గురైన భార్య మనోవర్తి అడగడం వ్యక్తిగత హక్కు మాత్రమే కాదు, ఆమె వీధిన పడకూడదన్న సమాజపు అవసరం కూడా. అందువల్ల ఆ హక్కును ముందుగానే రాసి ఇచ్చినా, తరువాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద మీరు కోర్టుకు వెళ్లవచ్చు. ముప్పై రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలన్న షరతు కూడా అంతే. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం సెక్షన్ 17 ప్రకారం, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, కోర్టు ద్వారా తప్ప ఆమెను బయటకు పంపలేరు.

ఈ సందర్భంలో ఒక పాత కేసు గుర్తుకు వస్తుంది. పెళ్లి తరువాత భార్య పుట్టింట్లోనే ఉండిపోతానని, ఆమెను ఎన్నడూ అక్కడి నుంచి తీసుకువెళ్లనని ఒక వరుడు పెళ్లికి ముందు రాసి ఇచ్చాడు. మన మాటలో చెప్పాలంటే ఇల్లరికం ఒప్పందం. అది చెల్లదని కలకత్తా హైకోర్టు 1901లోనే తేల్చింది. మన జిల్లాలలో ఇల్లరికపుటల్లుళ్లు ఎందరో సుఖంగానే బతికారు. అది కాపురం సాగిన పద్ధతి, కాగితం బలం కాదు. నోటరీ ముద్ర పడినా, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసినా చెల్లని షరతుకు ప్రాణం రాదు, కాబట్టి ఎక్కడ రిజిస్టర్ చేయించాలన్న మీ రెండో ప్రశ్న ఇక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు "నా ఫ్లాట్" అని రాశారు. మీ భర్తగారు వీలునామా రాయకుండా పోయారనే అనుకుని చెబుతున్నాను, ఆ ఫ్లాట్ మొత్తం మీది కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన మగవారి ఆస్తి భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా వస్తుంది. మీ అత్తగారు జీవించి ఉన్నారు కనుక ఫ్లాట్‌లో మీది మూడో వంతు, పాపది మూడో వంతు, ఆమెది మూడో వంతు. ఈ మాట వినగానే మీకు కష్టం అనిపించవచ్చు, కానీ ఇందులో మీకు మేలు చేసే భాగం కూడా ఉంది. పాప వాటా ఇప్పటికే పాపది. దానిని మీరు ఎవరి దగ్గరా, ఏ ఒప్పందంలోనూ కాపాడుకోనక్కరలేదు. హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టంలోని సెక్షన్ 8 ప్రకారం మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. కాబట్టి రేపు కొత్త కాపురం కోసం మధురవాడ ఫ్లాట్ అమ్మి గాజువాక ఇంటి మీద అంతస్తు వేసుకుందామన్న ఆలోచన మీ ఇద్దరిలో ఎవరికైనా ఉంటే, అది అంత సులభం కాదని ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

మళ్లీ పెళ్లి చేసుకుంటే ఫ్లాట్ మీద హక్కు పోతుందన్న మాట నిజం కాదు, అయితే అది గాలిలోంచి పుట్టినదీ కాదు. 1856లో వితంతు పునర్వివాహానికి చట్టం అనుమతి ఇచ్చినప్పుడు, మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తి మీద హక్కు కోల్పోతుందని కూడా అందులోనే రాశారు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించిన నాటికీ అదే నియమం. ఆ కాలపు మాట ఇళ్లలో ఇంకా తిరుగుతోంది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక భర్త నుంచి వారసత్వంగా వచ్చిన వాటా స్త్రీకి సర్వ హక్కులతో సంక్రమిస్తుంది, ఆ తరువాత ఆమె పెళ్లి చేసుకున్నా అది వెనక్కి పోదు. సుప్రీంకోర్టు 2008లో ఈ సంగతిని మళ్లీ స్పష్టం చేసింది. అత్తగారి తరఫువారితో ఈ విషయంలో వాదించవద్దు. చట్టం తెలిసిన పెద్దమనిషి చేత ఒకసారి చెప్పిస్తే చాలు.

పాపకు నిజమైన ప్రమాదం మరోచోట ఉంది. పెళ్లయ్యాక వీలునామా లేకుండా మీకేమైనా జరిగితే, వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం మీ ఆస్తి మీ పిల్లలకు, మీ భర్తకు సమానంగా వెళుతుంది. ఆ భర్త అంటే అప్పటికి ఉన్న భర్త. లెక్క వేసి చూడండి: బంగారంలోనూ డిపాజిట్‌లోనూ సగం ఆయనకు, సగం పాపకు వస్తుంది. ఫ్లాట్‌లో మీ మూడో వంతు కూడా రెండుగా చీలి ఆరో వంతు ఆయనకు వెళుతుంది. అంటే మీ మొదటి భర్త కష్టార్జితంలో ఆరో వంతుకు ఆయనను ఎన్నడూ చూడని మనిషి యజమాని అవుతాడు, మీ అత్తగారు, మీ పాప, కొత్త భర్త ఒకే ఫ్లాట్‌కు వాటాదారులు అవుతారు. మీకు మరో బిడ్డ పుడితే మీ మూడో వంతు మూడు ముక్కలై తలా తొమ్మిదో వంతు అవుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ ఉండనక్కరలేదు. ఏ కాగితమూ లేనప్పుడు చట్టం తన పని తాను చేసుకుపోతుంది, అంతే. ఆ పన్నెండు పేజీలలో ఈ విషయం మీద ఒక్క పంక్తి అయినా ఉండి ఉండదు.

దీనికి విరుగుడు వీలునామా. అది తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, దానికి స్టాంపు సుంకం లేదు. మీరు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, ఆ ఇద్దరూ మీ ఎదుట సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా మీ పరిస్థితిలో మధురవాడ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేయించుకోమనే నా సలహా. రెండు కుటుంబాలు, ఒక మైనరు ఉన్నచోట "ఇది ఆమె సంతకం కాదు" అనే మాట పుట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. ఫ్లాట్‌లో మీ వాటా, బంగారం, డిపాజిట్ పాపకు చెందాలని స్పష్టంగా రాయండి. అమలు చేసే బాధ్యత మీ అన్నదమ్ములలో ఒకరికో, మీరు నమ్మే మరొకరికో పేరుతో సహా అప్పగించండి. పాపకు సంరక్షకులు ఎవరన్నదీ అందులోనే పేర్కొనండి, ఎందుకంటే సవతి తండ్రి చట్టం దృష్టిలో సహజ సంరక్షకుడు కాడు, మీరు ఏమీ రాయకపోతే పాప ఎవరి దగ్గర పెరగాలన్న తగవు మీ అత్తగారికీ మీ పుట్టింటివారికీ మధ్య కోర్టులో తేలవలసి వస్తుంది. అటువంటి తగవులలో కోర్టు చూసేది పాప క్షేమాన్నే అయినా, తల్లి మాట రాతలో ఉంటే దానికి బరువు ఉంటుంది. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిది చెల్లుతుంది. రేపు మీ కాపురం కుదురుకుని, ఆయనకు కూడా కొంత ఇవ్వాలనిపిస్తే కొత్తది రాయండి.

పెళ్లికి ముందు రాస్తే పెళ్లితో అది రద్దవుతుందా అన్న సందేహం కొందరికి ఉంటుంది. హిందువులకు రద్దు కాదు. ఈ సమాధానం చదివే క్రైస్తవ పాఠకులకు మాత్రం ఒక మాట: మీ విషయంలో పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది కనుక, పెళ్లి తరువాత మళ్లీ రాసుకోవాలి.

ఇక మీ అత్తగారి మూడో వంతు. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముందు కూర్చుని మాట్లాడవలసిన మనిషి ఆవిడే. కొడుకు పోయిన తల్లికి కోడలు మళ్లీ పెళ్లి చేసుకోబోతోందన్న వార్త నలుగురి ద్వారా చేరకూడదు. మీరు పాపను తీసుకుని శ్రీకాకుళం వెళ్లి స్వయంగా చెప్పండి. ఆవిడకు ఇష్టమైతే తన వాటాను మనవరాలి పేరున రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారా రాసి ఇవ్వవచ్చు. ఇష్టం లేకపోతే అది ఆవిడ హక్కు, ఒత్తిడి చేయవద్దు. దస్తావేజు రాసినా రాయకపోయినా, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆవిడ పేరు ఉందో లేదో చూసుకోండి. తల్లి పేరు వదిలేసి భార్యాబిడ్డల పేర్లతోనే ఆ పత్రం తీసుకుని, తరువాత అమ్మకం దగ్గర చిక్కుల్లో పడ్డవారిని నేను తరచుగానే చూస్తుంటాను.

అయితే పెళ్లికి ముందు మీరిద్దరూ ఏమీ రాసుకోవద్దా అంటే, రాసుకోవాలి. భరణాలు, జరిమానాలు లేని రెండు పేజీల కాగితం ఒకటి చాలు. ఆయనకు ఏమున్నాయి, ఎంత అప్పుంది, ఇంటి మీద వాయిదా ఎంత, మొదటి భార్యకు ఇంకా ఇవ్వవలసినది ఏమైనా మిగిలిందా అన్నది ఆయన రాసి సంతకం పెట్టాలి. మీకు ఏమున్నాయో మీరు రాసి సంతకం పెట్టాలి. మనోవర్తి కేసులలో భార్యాభర్తలిద్దరూ ఆస్తి అప్పుల వివరాలతో ప్రమాణ పత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఆదేశిస్తూ దానికి ఒక నమూనా కూడా ఇచ్చింది. తగాదా పడి కోర్టుకెక్కాక నింపే ఆ పట్టికను తగాదా లేనప్పుడే ఒకరికొకరు నింపి ఇచ్చుకోవడం మంచి పద్ధతి. ఆయన విడాకుల డిక్రీ నకలు కూడా అడిగి చదవండి. అడగడానికి మొహమాటపడవద్దు, ఇవ్వడానికి ఆయన మొహమాటపడితే మాత్రం పెళ్లిని కాస్త వాయిదా వేయండి.

బంగారం విషయంలో చట్టమే మీ చేత ఒక కాగితం రాయించమంటోంది, కానీ మన పెళ్లిళ్లలో దానిని రాసేవారు అరుదు. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం, పెళ్లిలో వధువుకు ఇచ్చిన కానుకలకు ఒక జాబితా, వరుడికి ఇచ్చిన వాటికి ఒక జాబితా తయారు చేయాలి. ఏ వస్తువు, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వారికి ఏమవుతారు అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. మీ 24 తులాలు ఈ పెళ్లి కానుకలు కావు, మీరు ముందు నుంచి కలిగి ఉన్నవి. అందుకని వాటిని తూకంతో, ఫోటోలతో, రసీదులు ఉంటే రసీదులతో ఆస్తుల కాగితంలో చేర్చండి. స్త్రీధనం భార్య సొంతమని, భర్త చేతిలో ఉన్నా అది ఆయన భద్రపరిచే సొత్తు మాత్రమేనని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉమ్మడి ఆస్తి కాదని 2024లోనూ చెప్పింది. తీర్పులు మీ పక్షాన ఉన్నా, ఏ గాజు ఎన్ని గ్రాములో రుజువు చేయవలసింది మీరే. బంగారాన్ని మీ ఒక్కరి పేరున లాకరులో ఉంచుకోండి. కట్నం పేరు ఎత్తకుండా "ఖర్చుల కింద" అంటూ ఆయన తరఫువారికి ఇంత ముట్టజెప్పాలన్న వాక్యం ఏ కాగితంలోనైనా కనిపిస్తే దాని మీద సంతకం చేయవద్దు. ఆ ఒప్పందం చెల్లదు సరిగదా, కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ల జైలు శిక్ష చట్టంలో ఉంది.

చిన్న విషయాలు కొన్ని. మొదటి భర్త ఉద్యోగం వల్ల మీకు ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) వితంతు పింఛను వస్తుంటే అది మళ్లీ పెళ్లితో ఆగిపోతుంది. ఆ సంగతి మీరే తెలియజేయండి, లేకపోతే తీసుకున్నది తిరిగి కట్టవలసి వస్తుంది. పాపకు రావలసిన పింఛను వేరు, దాని గురించి ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయంలో విడిగా అడగండి. పాపకు పదేళ్లు నిండేలోపు సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు, అందులో ఏడాదికి లక్షన్నర దాకా వేయవచ్చు. ముందుముందు ఇద్దరూ కలిసి ఇల్లో స్థలమో కొంటే, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిని విక్రయ దస్తావేజులోనే రాయించండి. ఆయన అప్పులకు హామీ సంతకం మాత్రం ఆ అప్పు దేనికో తెలియకుండా చేయవద్దు.

కాబోయే అత్తగారు నొచ్చుకున్నారని రాశారు. ఆవిడ బాధలో న్యాయం లేదనను, ఆవిడ చూసిన కాగితం అటువంటిది. శుభలేఖలు అచ్చు వేయించవలసిన వేళ, కోడలు ముప్పై రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలన్న వాక్యం ఏ తల్లికి రుచిస్తుంది? ఆ పన్నెండు పేజీలు పక్కన పెట్టేశామని ఆయన చేతనే చెప్పించండి. ఆ తరువాత ఆస్తి అప్పుల కాగితం, పాప కోసం వీలునామా రాస్తున్న సంగతి ఆవిడ సమక్షంలోనే మాట్లాడండి. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలన్న మాట ఆవిడ తరానికి మనకంటే బాగా తెలుసు. తండ్రి లేని పిల్లకు తల్లి తన సొత్తు రాసి పెడుతోందంటే తప్పు పట్టే పెద్దలు మన ఊళ్లలో తక్కువే.

ఫీజు ఇచ్చి న్యాయవాదిని పెట్టుకోలేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఆస్తి అప్పుల కాగితానికి మీరిద్దరూ కలిసి వెళ్లవచ్చు. వీలునామాకు మాత్రం ఆయనను వెంట తీసుకువెళ్లవద్దు, ఆయన బంధువులను సాక్షులుగా పెట్టవద్దు. మీరు ఒక్కరే వెళ్లి రాయించుకుని, సాయంత్రం ఇంటికి వచ్చాక అందులో ఏం రాశారో ఆయనకు ఫోన్ చేసి మీరే చెప్పండి.